కూతవేటు

బోట్స్‌ఫియోర్డ్ నుంచి బెర్లెవోగ్‌కి
గాలిదారిన నలభై కిలోమీటర్లు నిండవు.
పన్నెండు నిమిషాలు.
ఎదురుగాలి మొండికేస్తే పదిహేను.
సీటుబెల్టు దీపం ఆరదు,
కాఫీ బండి కదలదు,
పక్కసీటాయన్ని పేరడిగి, ఆయన చెప్పేలోపే
చక్రాలు దిగుతాయి.

రోడ్డుమీదైతే తొంభై.
చలికాలంలో ఆ తొంభైకి లెక్కలేదు:
కొండమీద గేటు వేసేస్తారు,
మంచు తోసే లారీ వెనక
కార్లన్నీ బాతుపిల్లల్లా వరసకట్టి
ఒక్క ఎర్రదీపాన్ని నమ్ముకుని పోవాలి.

నా పని పెద్దదేం కాదు.
రన్‌వే మీద రెయిన్‌డీర్లు నిలబడితే హారన్ కొట్టి తరమడం,
మంచు ఎన్ని మిల్లీమీటర్లో బద్దపెట్టి కొలవడం,
తర్వాత తడిబూట్లతోనే మెట్లెక్కి, ఫోనెత్తి
అవతలి టవరుకి విమానాన్ని అప్పజెప్పడం.
అవతల హెర్‌బోర్గ్.
పందొమ్మిదేళ్లు.

"బయల్దేరింది, తొమ్మిదీ పదకొండు."
"అందింది."
మొదట్లో అంతే.
పోనుపోను ఆ "అందింది"కి ముందు చిన్న దగ్గు,
వెనకాల ఊలుసూదుల టకటక,
ఎవరికోసం అల్లుతోందో నేనడగలేదు.

ఒక నవంబరులో, సూర్యుడు వెళ్లిపోయిన వారం,
"మీ వైపు ఇంకా వెలుతురేమైనా ఉందా, ఔడున్?" అంది.
చూసి చెప్పాను:
దక్షిణాన, చేపల ఫ్యాక్టరీ పైన, ఉడికిన పీతపెంకు రంగులో
ఒక వేలెడు.
"మాకదీ లేదు."
ఆనాటినుంచి ఆ వేలెడు కూడా
విమానంతోపాటే అప్పజెప్పేవాణ్ణి,
లేనిరోజు కూడా.

ఆమెనెప్పుడూ చూడలేదు.
దగ్గరే కదా అనుకోవడంలోనే ఉంది మోసమంతా.
ఓస్లో అయితే సెలవుపెట్టి టికెట్ కొనేవాణ్ణే.
పన్నెండు నిమిషాలకి ఎవరు పెట్టె సర్దుకుంటారు?

మార్చిలో ఆమె ఉద్యోగం ముగిసింది.
మర్నాడు ఫోన్‌లో కొత్త కుర్రాడి గొంతు, బెదురుబెదురుగా:
"బయల్దేరింది, పదీ ఇరవై. ప్రయాణికులు ఆరుగురు.
అందులో మా హెర్‌బోర్గ్ ఒకరు.
మీకు చెప్పొద్దంది."

పొద్దున గీసుకున్న గడ్డాన్నే మళ్లీ తడుముకున్నాను.
రెండు కప్పులు కడిగి కాఫీ పోశాను.
పదీ ఇరవయ్యైదుకి సముద్రం మీంచి పొగమంచు ఎక్కొచ్చి
రన్‌వే చివరి దీపాల్ని
ఒక్కొక్కటే మింగడం మొదలెట్టింది.
చూపు ఎనిమిది వందల మీటర్లు.
ఐదొందలు.
దాచడానికి లేదు, చెప్పడమే కదా నా జీతం.
నా నోటితో నేనే చెప్పాను పైలట్‌కి.

శబ్దం సరిగ్గా నెత్తిమీదికే వచ్చింది.
కిటికీ అద్దం, బల్లమీద రెండు కప్పులు
ఒకేసారి వణికాయి.
తిరిగొచ్చి ఇంకోసారి.
తర్వాత వాద్సో వైపు పోయింది.

లాగ్ పుస్తకంలో రాశాను: దిగలేదు.

రెండొందల మీటర్లు, నిట్టనిలువునా.
పందొమ్మిదేళ్లలో ఆమె నాకు అంత దగ్గరికొచ్చింది అదొక్కసారే.
కూతవేటు అంటారే, అదే.
నేను కూత పెట్టలేదు.
మెడ ఎత్తి, టవరు కప్పులో తడిమరకని చూస్తూ ఉండిపోయాను.

కుర్రాడు మళ్లీ ఫోన్ చేశాడు: "అందిందా?"
"చప్పుడు అందింది" అన్నాను.
ఒక కప్పు తాగాను.
రెండోది చల్లారాక
అదీ తాగాను.