ఇరవై రెండో రోజు

మైపాడు రోడ్డులో మా ల్యాబు.
ఆరింటికే షట్టరు ముందర పెంచలయ్య,
మోపెడు హ్యాండిలుకి సంచి,
సంచిలో ఆక్సిజన్ పట్టిన నీళ్ళు, నీళ్ళలో
వెంట్రుక ముక్కల్లాంటి రొయ్యపిల్లలు.
"తెల్లమచ్చ ఉందో లేదో చూడబ్బయా,
పోయిన పంటంతా గట్టుకే కొట్టుకొచ్చింది."

నూరి, తిప్పి, మిషన్లో పెట్టి
రెండు గంటలు కూర్చోమంటాను.
ఆ రెండు గంటలూ ఆయన బీడీ వెలిగించడు.
టీ తెప్పిస్తే చల్లారిపోతుంది.
పదేళ్ళుగా చూస్తున్నా ఆ కూర్చోవడాన్ని.
ఇప్పుడు నేనూ అట్నే కూర్చుంటున్నానని
ఆయనకి తెలీదు.

ఆత్మకూరు బస్టాండు వెనక లాడ్జి, మూడో అంతస్తు.
చెరువు మందుల కంపెనీ తరఫున
కావలి నుంచి వచ్చే హైమ.
సంచిలోంచి ప్యాకెట్టు తీసి, లైటుకి ఎత్తిపట్టి
తారీఖు చదివింది,
నేను రీయేజెంటు డబ్బా మీద చదివినట్టే.
నవ్వొచ్చింది నాకు.
అయిపోయాక ముడేసి చూసి
"చిరగలేదు" అంది పైకే,
ఎవరికో సాక్ష్యం చెప్తున్నట్టు.

చిరగలేదు. నాకు తెలుసు.
తెలిసింది తల దాకానే ఆగిపోయింది.
నాలుగో రోజు నాలిక మీద పుండు:
తమలపాకులో సున్నం ఎక్కువైందా, అదేనా?
తొమ్మిదో రోజు జ్వరం. ఊరంతా జ్వరాలే, అయినా.
పద్నాలుగో రోజు అద్దం ముందు చొక్కా విప్పి
మచ్చలు వెతికాను,
రొయ్య తలచిప్పని వెలుగులో తిప్పినట్టు
నన్ను నేనే తిప్పుకుంటూ.
తట్టుకోలేక, మెడ కింద
చిన్నప్పటి ఆటలమ్మ గుంటని కూడా అనుమానించాను.

పెద్దాసుపత్రిలో పందొమ్మిదో నంబరు గది.
బోర్డు మీద అక్షరాలు సగం చెరిపేశారెవరో.
మస్తాన్ బీ మేడం కళ్ళజోడు పైనుంచి:
"చిరిగిందా?"
లేదు.
"జారిందా?"
లేదు.
"మరింకేంది అబ్బయా?"
అదే చెప్పలేక
ఛాతీ మీద చెయ్యి పెట్టాను.
"దానికి ఇక్కడ కిట్టు లేదు" అని
వేలు పట్టుకుని పొడిచింది.
ఏమీ లేదంట. భయపడాల్సింది దాదాపు లేదంట.
"మూడు నెల్లకి ఇంకోసారి రా,
రోగం కోసం కాదు, నిద్ర కోసం."

మెట్ల మీద కూర్చుని హైమకి ఫోన్ చేశా.
ఆ రాత్రి తనడిగిన మాట అప్పుడు గుర్తొచ్చింది:
"నువ్వెప్పుడైనా చేయించుకున్నావా?"
దుప్పటి లాగి జోకు వేశా నేను.
ఆ జోకు ఏందో కూడా గుర్తులేదు.
చెప్పా, రిపోర్టు సంగతి.
అటుపక్క బస్సు హారను, కాసేపు ఏమీ లేదు.
"నాది పోయిన బుధవారం అయింది" అంది.
"నువ్వు చెప్తావేమోనని చూశా."

ఇరవై రెండు రోజులు
నేను లెక్కపెట్టింది ఒక్కడి రోజులే.

ల్యాబుకొచ్చేసరికి గ్రాఫులో గీత లేవలేదు.
కాగితం చేతికిస్తే పెంచలయ్య
దాన్ని తిరగేసి, వెనక ఏమైనా ఉందేమోనని చూసి,
ఎప్పుడూ అడిగేదే అడిగాడు:
"లేదంటే లేదనా, కనపళ్ళేదనా?"

ఎప్పుడూ తలెత్తకుండా చెప్పే మాట.
ఈసారి బల్ల చుట్టూ తిరిగొచ్చి
ఆయన పక్కన బెంచీ మీద కూర్చుని చెప్పా:
ఈ సంచిలో, ఈ పూట, కనపళ్ళేదు పెద్దాయనా.
వదులుకో. నీళ్ళు చూసుకుంటా ఉండు.

చల్లారిన టీ
ఒక్క గుక్కలో తాగేశాడు.