బొటనవేలు

లోహ్యాలో మార్చి నెల. సున్నపురాయి గని
ఎప్పుడు మునిగిందో హిల్క్కా ఒక్కదానికే గుర్తు.
సరస్సు మంచును ముక్కోణంగా కోసి
ఆ పలకను అడుగుకి నెట్టేసింది,
గంజి కుండ మీద మూత జరిపినంత తేలిగ్గా.
ఆ నల్లటి నోటి అంచున కూర్చుని
ఒకరి మెడ ఒకరం తడుముకుంటున్నాం.

నువ్వు ట్రామ్ నడిపే మనిషివి, తాయిస్తో.
నేను పళ్ల డాక్టర్ని.
ఒడ్డున మనకి మాటలుండవు. ఇక్కడ మాత్రం
నీ కవాటం నేను తిప్పి చూస్తాను.
చూశానంటావు నువ్వు. మళ్లీ చూస్తాను.
సిలిండర్ మీద టేపు ముక్క, నా చేతిరాత:
ఆక్సిజన్ ఎంత, హీలియం ఎంత, ఏ లోతు దాకా.
రాత్రి కొలిచింది నేనే. అయినా
నువ్వు పైకి చదవాలి, నేను వినాలి.
గాలి అయిపోయిందని సైగ చేస్తే
నా నోట్లోదే తీసి ఇస్తాను, పొడుగు గొట్టంతో సహా.
మెడలో వేలాడే చిన్నది నాకు.
ఎంగిలని జంకే తీరిక
అక్కడ ఎవరికీ ఉండదు.

గాలికి మూడు వాటాలు.
ఒకటి పోవడానికి, ఒకటి రావడానికి.
మూడోది నాదే అనుకుని
ఏళ్ల తరబడి మోశాను.
కాదట. అది నీది.
నీ వీపు మీది మూడోది నాది.
చేపల సంతలో కొసరు అడుగుతాం గానీ
ఈ లెక్కలో కొసరు లేదు.

హిల్క్కా నోటు పుస్తకంలో రాసుకుంది:
కిందికి ఇద్దరు.
పైకి అన్నచోట ఖాళీ.

దిగాం.

తెల్లటి దారం వేళ్ల మధ్య జారుతోంది.
మలుపు మలుపుకీ బాణం గుర్తు
వచ్చిన దారికేసే చూస్తుంది.
నువ్వు నాకు కనబడవు. గోడ మీద
నా దీపపు వలయం పక్కన నీది,
నిదానంగా, ఆవులిస్తున్నట్టు.
అది కుదురుగా ఉంటే నువ్వు కుదురుగా ఉన్నట్టు.

నలభై ఎనిమిది మీటర్లు.
చెక్కమెట్లు. వాటి కింద దీపాల గది.
గనివాళ్లు లాంతర్లు తగిలించిన కొక్కేలకి
నంబర్లు ఇంకా ఉన్నాయట.
మూడు శీతాకాలాలు దానికోసమే
కాగితాల మీద గీతలు గీశాం.
ఇంకో పది మీటర్లు.

అప్పుడు ఎత్తాను బొటనవేలు.

పైన అది భేష్ అనడం.
కింద, ఇక చాలు, పోదాం అనడం.
ఎవరైనా ఎత్తొచ్చు, ఎప్పుడైనా ఎత్తొచ్చు,
ఎందుకని అడగకూడదు.
నువ్వు అదే వేలు ఎత్తి జవాబిచ్చావు.
ఒక్క ఊపిరి కూడా ఆలస్యం చెయ్యలేదు.
మెట్లకేసి కన్నెత్తి చూడలేదు.

ఆరు మీటర్ల దగ్గర తాడు పట్టుకుని
ముప్ఫై ఎనిమిది నిమిషాలు.
రక్తంలో కరిగింది తనంతట తాను బయటికి రావాలి,
తొందరపెడితే ఊరుకోదు.
చేతివేళ్లు నావో కావో తెలియట్లేదు.
నువ్వు పలక మీద ఏదో రాసి చూపించావు.
ఏ పెద్ద ప్రశ్నో అనుకున్నాను.
‘ఆకలి’ అని ఉంది.

ఈవేళ సౌనా లేదు,
లోతు నుంచి వచ్చిన ఒంటికి వేడి పనికిరాదు.
వ్యానులో మోకాళ్లు తగిలేలా కూర్చుని
చేప పులుసు తాగుతున్నాం, ఏలకుల బన్ను ముంచుకుని.
హిల్క్కా ఖాళీలో రెండు అని వేసి
పెన్సిలు చెవిలో దోపుకుంది.

నా గేజీ బాగానే ఉంది, తాయిస్తో.
గొట్టం కారలేదు. చలి కూడా కాదు.
ఆ కొక్కేలే తలుచుకుంటూ ఈదుతున్నాను.
మెట్ల దగ్గర ఉన్నట్టుండి తట్టింది,
నీ వలయం కోసం చూసి
ఎంతసేపయిందో నాకు తెలియదని.
ఒక నిమిషమో. నాలుగో.
అది పక్కనే ఉంది, ఆవులిస్తూ.
ఉందని చూసింది మాత్రం అప్పుడే.

ఇది నీకు చెప్పాలి.
వచ్చే మార్చి లోపల చెప్పాలి.

నువ్వు గిన్నె నావైపు జరిపి
ఒకే ఒక్క మాట అడిగావు:
ఉప్పు సరిపోయిందా?