మూడు బారలు

నౌపడ ఉప్పు మడులు దాటాక
తారు రోడ్డు తనంతట తనే ఆగిపోయింది.
ఆటో కుర్రాడు "ఇక నీళ్లే సార్" అని
ముప్పై రూపాయల చిల్లర బాకీ పడి వెనక్కి తిరిగాడు.

సూరాడ దానేసు చెయ్యందించి నావలోకి లాగాడు.
వలతాడు కోసీ కోసీ
ఆ అరచేతిలో ఏవి పుట్టిన గీతలో, ఏవి పడ్డవో.

నా సంచీలో సర్వే పటం.
పాయలన్నిటికీ కలిపి అందులో ఒకటే మాట: ఉప్పుటేరు.
ఒకటే నీలం.

దానేసు గెడ దించుతూ, ఎత్తుతూ
పటం వంక చూడకుండానే పేర్లు చెబుతున్నాడు.
ఇది నత్తల పాయ.
అది తోడికోడళ్ల మలుపు,
రెండు నీళ్లు, ఎడమొహం పెడమొహం.
మడచెట్ల వెనక సన్నంగా, అది ఎర్రయ్య గొంతు.
గొంతంటే ఇరుకేగా అనుకుని రాసుకున్నాను.

"ఇరుకు కాదు బాబూ. మా సిన్నాయన.
తుపాను రేతిరి ఆడే నావ తిరగబడిపోనాది.
అరిసిన అరుపు పేటకి ఇనపడినాది.
మనిసి దొరకనేదు."

రాసింది కొట్టెయ్యలేదు.
పక్కన ఏం రాయాలో తెలీలేదు.
ఒక కొంగ లేచి అవతలి బురదలో వాలింది.

మొగ దగ్గర నీళ్లు పోట్లాడుకుంటున్నాయి.
ఏటిది చల్లారిన టీ రంగు,
సముద్రానిది రంపం చప్పుడు.
దానేసు రాయి కట్టిన తాడు వదిలి
ముడులు లెక్కపెట్టాడు.
"మూడు బారలు."
"ఎవరి బారలు?" నవ్వులాటకే అడిగాను.
"మా అయ్యవి. ఈ ముడులు ఆయనే ఏసినాడు,
పోయి పన్నెండేళ్లు. సేతులు పొడుగు ఆయనికి.
నా బారలకైతే మూడుంపావు."

పేటలో ముప్పై, నలభై ఇళ్లు.
ఎండుతున్న కవళ్ల మీద, కాకులకని, పాత వల.
తోటమ్మ సత్తు పళ్లెంలో అన్నం, నెత్తళ్ల పులుసు పెట్టి
"ఏదీ, మా పేటేదో సూపించు" అంది.
పటం విప్పాను. వెతికాను.
ఊరుండాల్సిన చోట ఆఫీసు గుండ్రటి ముద్ర.
పులుసు వేలితోనే ఆమె దాన్ని గీకి చూసింది.
"ఇంకు గట్టిదే" అని
మరో గరిటె వడ్డించింది.

పోటు తీశాక తిరుగు నావ.
ఎర్రయ్య గొంతు దగ్గర దానేసు
గెడ పైకెత్తి పట్టుకున్నాడు, చప్పుడు కాకుండా.
నావ తనంతట తనే సాగింది.

రేపు ఫారం నింపాలి.
లోతు, మీటర్లలో, అని ఒక గడి.
పెన్సిలుతో రాసి పెట్టాను: మూడు బారలు.
ఎవరివని అడుగుతారు.
అడగనీ.