మైనస్ డెబ్బై

ఈ ఫ్రీజరు తలుపు తీస్తే
ముందు తెల్లటి ఆవిరి వచ్చి మెడ మీద పడుతుంది.
ఆంకరేజ్ వాళ్లకి అది చలి.
కుస్కోక్విమ్ నది వైపు పుట్టినదాన్ని, నాకది పలకరింపు.

పద్దెనిమిదేళ్లుగా ఇదే నా కొలువు.
అరలు, అరల్లో పెట్టెలు,
పెట్టెల్లో చిటికెన వేలంత గొట్టాలు,
గొట్టాల్లో మా ఒడ్డు పిల్లల నెత్తుటి తేట,
ఎనభై ఒకటో సంవత్సరం నాటిది.

ఆ యేడు చిన్న విమానం మంచు మీద దిగింది.
అందులోంచి ఒక నర్సు, ఒక ఐసు పెట్టె.
మన దేశానికి ఐసు మోసుకొచ్చారర్రా అని
పెద్దనాన్న పగలబడి నవ్వాడు.
నవ్వుతూ కుడి డొక్క పట్టుకున్నాడు.
నది ఐసు విరిగేనాటికి
ఆయన కళ్లు చేప పిత్తం రంగుకి తిరిగాయి.
ముప్పై నాలుగేళ్లు.

బడిలో మమ్మల్ని వరుసగా నిలబెట్టారు.
ఆ రోజు ఒక సూది, నెలకి ఒకటి, ఆర్నెల్లకి ఒకటి.
నా వెనక తమ్ముడు వసీలీ, ఆరేళ్లవాడు.
సూదికి ఏడవలేదు,
తర్వాత ఇచ్చిన బిస్కెట్టు విరిగి ఉందని ఏడ్చాడు.

ఏళ్లకేళ్లు మా రక్తం అడుగుతూనే ఉన్నారు.
అంకె దిగుతోందన్నారు.
వందలు, యాభై, పన్నెండు.
పదికి కిందికి పోతే ఏమిటని
అగ్రఫీనా ఫోన్లో నన్ను నిలదీసింది.
స్టోరు నడుపుతుంది, అంకెలంటే అప్పుల పద్దే ఆమెకి.
"ఖాతాలో ఏమీ మిగల్లేదనేగా?"

కాదు అగ్రఫీనా.
ముప్పయ్యో యేట నీకొక సూది వేసి చూశారు, గుర్తుందా?
నెల తిరిగేసరికి నాలుగు కాస్తా నాలుగొందలయింది.
కొత్తగా నేర్చుకున్నది కాదది.
పదేళ్లకి ఊరొచ్చి, చేపల రోజుల్లో
అర్ధచంద్రపు ఊలువక్ కత్తి చేతికందుకుంటే
సాల్మన్ పొట్ట ఎక్కడ కోయాలో ఆలోచించావా?
చేయే వెళ్లింది.
కాపలావాళ్లు పడుకున్నారు, ఊరొదిలి పోలేదు.
అందుకే చాలామందికి మళ్లీ సూది అక్కర్లేదంటున్నారు.

"మరి మా అన్నకి లేవలేదుగా?"
లేవలేదు. కొందరికి లేవదు.
ఎందుకో మాకూ పూర్తిగా తెలీదు.
ఆమె సరేనని పెట్టేయలేదు, చాలాసేపు లైన్లోనే ఉంది.

ఇవాళ పాత పెట్టెలు కొత్త ఫ్రీజర్లోకి మార్చమన్నారు.
రెండు జతల తొడుగులు, ఒక జాబితా, ఒక పెన్సిలు.
గొట్టాల మీద పేర్లుండవు, నంబర్లే.
కానీ మా ఇద్దరివీ వరుస నంబర్లు.
నాది తెలిసినదాన్ని,
పక్కది ఎవరిదో ఒకరు చెప్పక్కర్లేదు.

పదహారో యేట, నవంబరులో,
ఐసు ఇంకా పలచగా ఉండగానే బండెక్కాడు.
బండి దొరికింది.

రిజిస్టరులో వాడి అంకె పదకొండు వందల ఇరవై.
మా అందరివీ దిగాయి. నాది ఆరు.
వాడిదొక్కటే
మూడో సూది తర్వాతి మంగళవారం దగ్గర
ఎక్కడుందో అక్కడే ఉంది.

ఫ్రీజరుకి మరుపు లేదు.
దానికి మళ్లీ గుర్తుకు రావడమూ లేదు.

తలుపు నిమిషం దాటితే అలారం మోగుతుంది.
కొత్త అరలో, నా పక్కనే పెట్టాను.

సాయంత్రం బెతెల్ ఆసుపత్రి నుంచి ఫోను.
అగ్రఫీనాకి మనవడు, పుట్టి పదకొండు గంటలు.
తొడకి మొదటి సూది అయిపోయిందట,
ఒక్క కేక పెట్టి ఊరుకున్నాడట.
పోయినవాళ్ల పేరు పుట్టినవాళ్లకి పెడతాం మేము.
ఆసూలుక్ అని పెట్టాం, అంది.
బడి రిజిస్టరులో లేని, మా ఇంట్లో మాత్రమే పిలిచిన
వసీలీ పేరు.
పేరు వెంట వరుసా వస్తుంది.

ఫోను వాడి చెవి దగ్గర పెట్టమన్నాను.
ముప్పై యేళ్లు దాటింది ఆ మాట అని.
"తమ్ముడూ" అన్నాను.
నాలుక ఎక్కడా వెతుక్కోలేదు.