జవాబు రాయని గడి

నెబ్రాస్కాలో ఫిబ్రవరి. వ్యాన్‌లో హీటర్ చెడిపోయింది.
మా ఊపిరే మాకు కంబళి.
స్టీరింగ్ ముందు కోచ్ ఆర్లో స్టెన్‌బర్గ్,
ఒక చేతిలో సార్డీన్ చేపల డబ్బా, ఇంకో చేతిలో దారి.
వెనక సీట్లో నేనూ, డ్వేన్ హ్రూష్కా
పళ్ల మధ్య పెన్ను కరుచుకుని
ధాన్యం ఎగుమతుల నివేదికలు చదివేవాళ్లం
నోరు తిరగడానికి,
నిమిషానికి మూడు వందల మాటలు,
చొంగ కారి స్వెటర్లు తడిసేదాకా.

"వేగం కాదర్రా, స్పష్టత" అనేవాడాయన.
మరుక్షణమే "ఇంకాస్త వేగం" అనేవాడు.

ఆయన మెచ్చుకోగా విన్నవాళ్లు లేరు.
మేం ఫైనల్స్‌కి చేరిన రాత్రి కూడా
"నీ రెండో పాయింటుకి వెన్నెముక లేదు" అని
పెట్రోల్ బంకు రశీదు వెనక రాసిచ్చాడు.
చీమల బారు లాంటి అక్షరాలు.
వాటికి అటువైపు పదకొండు డాలర్ల నలభై సెంట్లు.
దాచిపెట్టుకున్నాను,
ఏ వైపు కోసమో అడగొద్దు.

మాకు ఒక్కటే శాసనం:
ఎదుటివాడి మాటకు బదులు చెప్పకపోతే
దాన్ని ఒప్పుకున్నట్టే.
పొడుగు కాగితం మీద నిలువు గడులు,
వాళ్లది నల్ల సిరా, మాది ఎర్ర సిరా,
పక్క గడి ఖాళీగా ఉందంటే
అక్కడ మనం ఓడిపోయాం.
మౌనం అర్ధాంగీకారమట లోకానికి.
మా దగ్గర అరకొరలు లేవు.

వెండెల్ గెయిన్స్ హ్యూస్టన్ నుంచి వచ్చేవాడు.
ఎర్ర ఫ్లాస్కు, వాళ్ల అన్నదేమో, వదులు కోటు.
అందరం గొంతు చించుకునే చోట
అతను గుసగుసలాడేవాడు.
వినడానికి జడ్జీలు ముందుకు వంగేవాళ్లు,
వంగినవాళ్లు వంగినట్టే అతనికి ఓటు రాసేసేవాళ్లు.

విచిటా సెమీఫైనల్లో మమ్మల్ని ఓడించి,
కారిడార్ చివరిదాకా వెంటపడి వచ్చి,
తన పెట్టెలోంచి ఒక కార్డు తీసి నా చేతిలో పెట్టాడు.
తన వాదానికే విరుగుడు!
తనే వెతికి, తనే టైపు చేసి,
ఎవరో ఒకరు కనిపెడతారని ఏడాదంతా మోశాడట.
"ఈసారి ఇది చదువు.
గెలిచి గెలిచి విసుగొస్తోంది."

డ్వేన్ కార్డు చింపెయ్యమన్నాడు.
నేను నవ్వాను.

ఆ ఈసారి రాలేదు.
తర్వాతి శరదృతువులో హ్యూస్టన్ వ్యాన్‌లోంచి ముగ్గురే దిగారు.
దగ్గన్నారు. న్యుమోనియా అన్నారు. తర్వాత ఏమీ అనలేదు.
నిమిషానికి మూడు వందల మాటల వాళ్లం,
ఆ జబ్బు పేరు, ఒక్క మాట,
ఒక్కరికీ నోరు పెగల్లేదు.
మా వ్యాన్‌లో స్టెన్‌బర్గ్ మాత్రం
ఒమాహా దాటేదాకా హెడ్‌లైట్లు వెయ్యడం మరిచిపోయాడు.

డ్వేన్ ఇప్పుడు లింకన్‌లో కోర్టు గుమాస్తా.
ఫోన్లో ఎంత నెమ్మదిగా మాట్లాడతాడో!
పోయిన మార్చిలో వాడే చెప్పాడు, కోచ్ సంగతి.

వెళ్లేసరికి ఆసుపత్రి మంచం మీద
దుప్పటి అంచుల్ని కాగితాల్లా సర్దుకుంటున్నాడు.
"ఇంకెంత టైముంది?"
ఎనిమిదింటి వరకూ ఉండొచ్చంది నర్సు,
నా వైపు తిరిగి.
నేను రెండు వేళ్లు పైకెత్తి చూపించాను,
స్టాప్‌వాచ్ పట్టుకున్న కుర్రాళ్లు చూపించినట్టు.
తల ఊపాడు. ఏదో గబగబా చెప్పాడు.
అంత వేగం ఎప్పుడూ వినలేదు,
ఒక్క ముక్కా అందలేదు.
స్పష్టత, కోచ్, అందామనుకున్నాను.

ఇవాళ మళ్లీ విచిటా. అదే భవనం, కొత్త కార్పెట్.
పిల్లల ముందు లాప్‌టాప్‌లు.
జడ్జిగా నా ముందు మాత్రం పొడుగు కాగితం,
రెండు రంగుల పెన్నులు,
సంచిలో, అంచులు మెత్తబడ్డ ఒక కార్డు.
ముప్ఫై మూడేళ్లుగా
దాన్ని చదవాల్సిన గదిలో
ఎదుటి కుర్చీ ఖాళీ.

మొదటి వక్త, పంటికి తీగ కట్టిన అమ్మాయి,
లేచి నిలబడి గొంతు సవరించుకుంది.
"జడ్జి గారూ, సిద్ధమేనా?"

లేదమ్మా.
కాస్త ఆగు.