అరుదుగా

ముప్ఫైరెండేళ్లు చక్రాలు తట్టాను
ఖషూరి జంక్షన్లో, మూడో లైను పక్కన,
పొడుగు కర్రకు చిన్న సుత్తి బిగించుకుని.
బతూమి వెళ్లే చమురు ట్యాంకర్లు,
ఖనిజం మోసే బోగీలు, రాత్రి రెండింటి ప్యాసింజరు,
ఒక్కో చక్రానికి ఒక్క దెబ్బ.
బాగున్నది ఖంగుమంటుంది,
ఆ ఖంగు చివర సన్నటి దారంలా ఒక తోక ఉంటుంది.
పగిలినది సంతలో ఓటి కుండ తట్టినట్టు
బొంగుగా పలికి ఊరుకుంటుంది.
ఆ తోక వినడానికే నాకు జీతం.

నిరుడు కుతాయిసిలో మందు ఎక్కించారు.
సంతకం పెట్టమన్న కాగితంలో
వాంతులు, జుట్టు, మూత్రపిండాలు,
అన్నిటికన్నా అడుగున చీమ తలంత అక్షరాల్లో
"అరుదుగా, వినికిడి."
కళ్లద్దాలు ఇంట్లో మరిచాను, ఎతేరి చదివిపెట్టింది.
"అరుదంటే నీకు కాదులే" అంది.
నేనూ అదే అనుకున్నాను.

మందు మంచినీళ్లలా ఉంది.
అందులో ప్లాటినం ఉందని నర్సు చెబితే నవ్వొచ్చింది.
ఇనుము తిని బతికినవాడి నరంలోకి
అంత ఖరీదైన లోహమా?
పెళ్లినాడు ఎతేరికి నేను తొడిగింది ఇత్తడి ఉంగరం.

నాలుగు విడతలు. గడ్డ కరిగింది.
డాక్టరు నా భుజం తట్టాడు,
ఏం విన్నాడో.

మొదట కెటిల్ ఈల ఆగిపోయింది.
పాడైందని కొత్తది కొన్నాను.
తర్వాత చూరు కింద పిచ్చుకలు
ముక్కులు తెరుస్తున్నాయి, మూస్తున్నాయి,
చలికి గొంతు పోయిందేమో అనుకున్నాను.
ఫోన్లో మనవరాలు తన పేరు చెప్పింది, త్సిత్సినో.
నాకు వినపడింది "ఇ... ఇ... నో."
పేరులో పళ్లన్నీ ఎవరో పీకేసినట్టు.

అసలు సంగతి మార్చిలో బయటపడింది,
తిరిగి డ్యూటీ ఎక్కిన మొదటి రాత్రి.
మొదటి చక్రం ఓటిది.
రెండోదీ.
ఎర్ర దీపం ఊపి బండి ఆపించాను.
పదిహేడు చక్రాల మీద సుద్దతో అడ్డగీత కొట్టాను.
డ్రైవరు బూతులు తిట్టాడు.
అవి శుభ్రంగా వినపడ్డాయి,
బూతులు లావుపాటి మాటలు.
మా కుర్రాడు ఉచా వచ్చి నా చేతిలో సుత్తి తీసుకున్నాడు.
పదిహేడూ తట్టాడు.
తర్వాత చొక్కా చేతితో
ఒక్కో గీతా తుడుచుకుంటూ వెనక్కి వచ్చాడు.
ఏమీ అనలేదు.
పగులు బండిలో లేదు.

గాజు గదిలో కూర్చోబెట్టి బొత్తాం నొక్కమన్నారు.
కాగితం మీద గీత కొంత దూరం తిన్నగా నడిచి
సురామి కనుమలో పట్టాల్లా దిగిపోయింది.
మళ్లీ ఎక్కదా అని అడిగాను.
డాక్టరమ్మ రాసి చూపింది: ఎక్కదు.
అరుదు అన్న మాట నిలబడాలంటే
ఎవడో ఒకడు ఉండాలి కదా.

రాత్రుళ్లు తలలో ఒక చక్రం మోగుతుంది,
ఎవరూ కొట్టనిది.
పగులు లేదు, బొంగు లేదు,
ఎంతకీ తెగని తోక.
ఇన్నేళ్లలో అంత మంచి చక్రం
ఒక్కటీ తగల్లేదు నాకు.

బతికున్నావు కదా అంటారు.
అవును. దానికి ఎదురుమాట లేదు.
నజూకి రొట్టెలో దాల్చినచెక్క వాసన
తిరిగి వచ్చింది, ఆ పూట రెండు తిన్నాను.

నిన్న ఉచా లైను దగ్గరికి పిలిచాడు.
చక్రం అంచున నా చెయ్యి పెట్టించి కొట్టాడు.
చల్లగా ఉంది, అంతే.
మందు వేళ్ల కొసల్ని కూడా మొద్దుబార్చిందని
వాడికి నేను చెప్పలేదు.
తెలిసిందా అన్నట్టు చూశాడు. తలూపాను.
రెండో చక్రం కొట్టేటప్పుడు
చక్రాన్ని వదిలి వాడి మొహం చూశాను.
దెబ్బ పడింది.
వాడి కనురెప్ప కాసేపు కదల్లేదు.
ఆ కాసేపూ
తోక అక్కడుంది.