సందు

సఖినేటిపల్లి రేవుకి ఇవతల,
ఐసు ఫ్యాక్టరీకీ కొబ్బరికాయల గొడౌనుకీ నడుమ,
ఎదురుగా మనిషొస్తే ఒకరు గోడకి అంటుకోవాల్సిన సందు.
దాని చివర నా షెడ్డు.

తెల్లారగట్ల నాలుగున్నరకి
ఓలేటి వజ్రం టీవీయస్సు నెట్టుకుంటూ వచ్చింది.
వెనక తట్టలో రొయ్యలు, గోనెపట్టా కింద ఐసు.
ఎంత దూరం నెట్టిందో
దారంతా చుక్కలు చుక్కలుగా రాసి ఉంది.

"మొన్నేగదండీ కొత్త ప్లగ్గేయించాను, మలికిపురంలో.
తిన్నటి రోడ్డు మీద బానే పోద్ది.
ఏటిగట్టెక్కేటప్పుడే ఊపిరాగిపోద్ది."

పానా పెట్టి విప్పాను.
వేడిగా ఉంది, గుడ్డతో పట్టుకుని బల్బు కిందికి తెచ్చాను.
పింగాణీ మెరుస్తోంది, మరలకి తుప్పు లేదు.
కొత్తదే, పాపం. అబద్ధం కాదు.
కానీ పైకొక్కెం
చేప కోసం మెడ సాచిన కొంగలా పైకి లేచి ఉంది.
పాయింట్ తొమ్మిది రేకు
తలుపు తీసిన ఇంట్లోకి పిల్లి దూరినట్టు దూరిపోయింది.

డబ్బాలోంచి తీసి అలాగే బిగించేశాడన్నమాట.
కొత్తదంటే సరైనదని ఎవరు చెప్పారో అందరికీ.
లారీలో, సైకిలు మీద, షాపువాడి చేతిలో
అది ఎన్నిసార్లు కింద పడిందో ఎవరికి తెలుసు?

సందు ఎక్కువైతే
మామూలు రోడ్డు మీద నిప్పురవ్వ దూకుతుంది,
గట్టెక్కేటప్పుడు లోపల గాలి బిగుసుకుని దూకలేదు.
తక్కువైతే దూకుతుంది, కానీ పిరికిది,
పెట్రోలుని పలకరించి వచ్చేస్తుంది.

మా దానియేలు మేస్త్రీకి గేజీ లేదు.
విరిగిన హాక్సా బ్లేడు ముక్క, పళ్లు అరగదీసింది,
చొక్కా జేబులో బీడీకట్ట పక్కన ఉండేది.
అదే ఆయన చదువు.
మధ్య కడ్డీ జోలికెళితే చెయ్యి మీద కొట్టేవాడు:
"వెంట్రుకంత పగులు పడ్డా ఇప్పుడు చెప్పదురా,
వానాకాలం దాకా కూర్చుని అప్పుడు చెప్పుద్ది."

కొక్కేన్నే వంచాలి.
బల్ల అంచున ఒక్కసారి, మెత్తగా,
పాలు తాగిన బిడ్డ వీపు తట్టినట్టు.
చూడు. మళ్లీ తట్టు. మళ్లీ చూడు.
పాయింట్ ఆరు రేకు దూరితే చాలదు,
ఇరుక్కోకూడదు, జారిపోకూడదు,
లాగితే వేళ్లకి కొంచెం పట్టు తెలియాలి.
ఎంత పట్టంటే... నాకు మాట దొరకలేదు.

వజ్రం రేకు నా చేతిలోంచి తీసుకుని లాగి చూసింది.
"రొయ్యకి నల్లనరం తీసినట్టండి.
గట్టిగా లాగితే తెగుద్ది, వదులుగా లాగితే రాదు."

ముప్ఫై ఏళ్లుగా కుర్రాళ్లకి నేను చెప్పలేని మాట.

చేత్తోనే మరలెక్కించి, చివరి పావుచుట్టు పానాతో.
రెండో తొక్కుకే అందుకుంది.
రేవులో పంటు కూత వేసింది.
తను కదల్లేదు.
"ఆ రేకు నాకిచ్చెయ్యండి.
ఏ గట్టు మీద ఆగుద్దో, అక్కడ మీరుంటారా?"

గేజీ మర విప్పి ఆ ఒక్క రేకూ తీశాను.
ఇరవై రూపాయలు, దోసెడు రొయ్యలు, బేరమేం లేదు.
రేకుని పంటు టిక్కెట్ల మధ్య పెట్టి
బొడ్డుసంచి మూతి బిగించి
పొగ వదిలి వెళ్లిపోయింది. గట్టెక్కిన చప్పుడు
తడబడకుండా వినిపించింది.

ఇప్పుడు నా గేజీలో పాయింట్ ఆరు లేదు.
ముప్ఫై అయిదూ పాతికా జోడించి కొలుస్తున్నాను.
లెక్క సరిపోతుంది, ఆయ్.
కానీ రెండు రేకుల నడుమ
నూనె పొరో గోదారి తేమో దూరితే తప్పిపోతుంది,
అందుకని ముందు రెండింటినీ
లుంగీ అంచుతో తుడుస్తాను.